బొమ్మలో లేని రేవు



మీరు పుట్టిన ఊరు సినిమాలో కనబడుచున్నదని ఎవరైనను వచ్చి చెప్పినయెడల మీరేమి చేయుదురు? చేతిలోని పని విడిచి చూడబోవుదురు గదా. నేనును చిన్నతనమున అట్లే చేసితిని. చూచి వచ్చి, యాబది సంవత్సరములు ఒక తప్పు మాటను నిజమని పదిమందికి చెప్పుకొనుచు తిరిగితిని. ఆ తప్పును దిద్దినది మా తల్లి. ఆమెకు అక్షరము రాదు. ఇప్పుడు చూపు కూడ సగమే. ఆ సంగతి మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా ఊరు వేలేరుపాడు ప్రాంతములో గోదావరి కుడి ఒడ్డున ఉండెను. "ఉండెను" అని ఎందుకు వ్రాసితినో ముందుకు మీకే తెలియును. వెనుక అడవి, ముందు నది, నదికి ఆవల మరల అడవి. ఎగువన కూనవరము వద్ద శబరి వచ్చి గోదావరిలో కలియును. అక్కడినుండి దిగువకు పోయినకొలది రెండు వైపుల కొండలు దగ్గరకు జరుగుచు వచ్చి, పాపికొండలలో నదిని ఇరుకున పెట్టును. మా ఊరిలో కోయవారు, కొండరెడ్లు, చేపలు పట్టువారు, మావంటి చిన్న సేద్యగాండ్రు కలిసి బ్రదికిరి. బండి బాట కంటె మాకు పడవ బాటయే దగ్గర.

ఊరు తన చోటు విడిచి అంగుళమైనను కదలక మునుపే దాని చిరునామా అనేక పర్యాయములు మారినది. మా తల్లి చిన్నతనములో అది నిజాము రాజ్యమందలి వరంగల్లు జిల్లా. 1953లో ఖమ్మము జిల్లా అయినది. 2014లో ఏడు మండలములతో పాటు ఆంధ్రప్రదేశమునకు పోయి పశ్చిమ గోదావరి అయినది. 2022లో ఏలూరు జిల్లా అయినది. "మనము ఏ జిల్లా వారము?" అని పిల్లలడిగినప్పుడు మా తల్లి, "గోదారి వాళ్లం" అని మాత్రము చెప్పెడిది. ఆ జవాబులో నున్న తెలివి నాకు చాల ఆలస్యముగా తెలిసినది.

ఇక సినిమా సంగతి. 1973లో బాపు గారు "అందాల రాముడు" అను చిత్రమును తీసిరి. కథ, మాటలు ముళ్లపూడి వెంకటరమణ గారివి. అక్కినేని నాగేశ్వరరావు గారు అందులో ముఖ్య పాత్ర ధరించిరి. రాజమండ్రిలో పడవ ఎక్కి, సీతారాముల కల్యాణము చూచుటకు భద్రాచలమునకు పోవు జనుల కథ అది. కథలో ఎక్కువ భాగము పడవ మీదనే జరుగును. పడవలోని వారు నవ్వుదురు, అలుగుదురు, పాడుదురు; వారి వెనుక గోదావరి పోవుచుండును.

ఆ చిత్రము మా వైపు డేరా సినిమాకు వచ్చినప్పుడు నాకు పదునారేండ్లు. మా తండ్రి, నేను, ఊరివారు మరికొందరు అడవి దారిని నడచి పోయి నేలమీద కూర్చుండి చూచితిమి. తెరమీద నది కనబడగానే డేరాలో గుసగుసలు బయలుదేరెను. కొండలు కనబడినంతనే నేను నిలువలేక లేచి, "మా కొండ! మా ఊరి కొండ!" అని కేక వేసితిని. జనులందరు నావైపు తిరిగి చూచిరి. ఎవరో "కూకో!" అని కసిరిరి. మా తండ్రి నా చేయి పట్టి కూర్చుండబెట్టెను గాని, ఆ చీకటిలో ఆయన నవ్వుట నేను చూచితిని. ఆ రాత్రి నడచి వచ్చుచు, మా ఊరు ఇక మామూలు ఊరు కాదని నేను తలంచితిని. ప్రొద్దున లేచి చూడగా కొండ నిన్నటి కొండయే గాని, నా కంటికి మాత్రము క్రొత్తదిగా కనబడెను.

పాఠకులారా, ఇచ్చట కొంచెము ఆగి ఆలోచించుడి. పదునారేండ్లు నేను ఆ కొండ క్రింద బ్రదికితిని. దానిమీద కట్టెలు కొట్టితిని, దాని నీడలో మేకలు కాచితిని. అయినను తెరమీద చూచువరకు దానిని చూడదగినదిగా ఎంచలేదు. మనకు ఉచితముగా దొరకినదానికి పరుల కన్ను పడువరకు మనమే వెల కట్టము. ఇది మనలో అనేకులకున్న బలహీనత.

తరువాత నేను ఉపాధ్యాయుడనై అశ్వారావుపేట వైపున స్థిరపడితిని. గోదావరి మీద తీసిన చిత్రములన్నియు వెదకి చూచుట నాకు వాడుక అయినది. 1964లో ఆదుర్తి సుబ్బారావు గారు తీసిన "మూగ మనసులు"లో రేవు, పడవ, పడవవాడు ఉన్నారు. 1967లో బాపు గారు తమ మొదటి చిత్రమైన "సాక్షి"ని గోదావరి తీరమందలి పులిదిండి అను పల్లెలో తీసిరి. 2006లో శేఖర్ కమ్ముల గారు మరల భద్రాచలమునకు పోవు పడవ కథనే తీసికొని దానికి "గోదావరి" అని పేరు పెట్టిరి. 2018లో వచ్చిన "రంగస్థలం" గోదావరి సీమ పల్లె కథ. అయినను అందులోని ఊరిని చాలవరకు హైదరాబాదులో కట్టి తీసిరి. గడ్డి కప్పులు, గోడలు, వీథులు అన్నియు వడ్రంగులు, చిత్రకారులు చేసినవే. చూచువారు మాత్రము, "అచ్చము మా ఊరే" అని కన్నీరు పెట్టుకొనిరి.

సినిమా తీయువారి పద్ధతి అదియే. ఒక రేవులో ఎక్కిన మనుష్యుడు మరియొక రేవులో దిగినట్లు చూపుదురు. నడుమ ముప్పది మైళ్లున్నను తెరమీద ఒక్క అడుగు. ప్రొద్దున తీసినదానిని సాయంకాలమున తీసినదాని ప్రక్కన అతికింతురు. ఒకే కొండను రెండు ప్రక్కలనుండి తీసి రెండు కొండలని నమ్మింతురు. ఇది మోసమని నేను చెప్పను. వారు కథ చెప్పబూనిరి గాని ఊరి పటము గీయబూనలేదు. వారికి కావలసినది ఒక నది. మా నదియే కావలెనని వారేమి నియమము పెట్టుకొనలేదు.

ఇది మన గోదావరికి మాత్రమే కలిగినది కాదు. నా పాత శిష్యుడొకడు మధ్యధరా సముద్రమునందలి మాల్టా ద్వీపములో ఒక హోటలు వంటశాలలో పనిచేయుచున్నాడు. ఆ ద్వీపము 27 కిలోమీటర్ల పొడవు, 15 కిలోమీటర్లకు కొంచెము తక్కువ వెడల్పు. మన ఒక పెద్ద మండలమంత నేల. అయినను అక్కడ తీసిన సినిమాలకు లెక్క లేదు. 2000 సంవత్సరములో వచ్చిన "గ్లాడియేటర్" అను చిత్రములో రోము నగరముగా కనబడినది ఆ దీవిలోని రికాసోలీ అను పాత కోటలో కట్టిన కట్టడమే. సందర్శకులు చేతిలో ఫోను పట్టుకొని, అందులోని బొమ్మను ఎదుటి గోడకు ఎత్తిచూపి, రెండును సరిపోయినంతనే సంతోషముతో కేకలు వేయుదురట. "మాస్టారూ, డేరాలో మీరు వేసిన కేక గుర్తుకు వచ్చింది" అని అతడు నాకు వ్రాసెను.

అతడు చెప్పిన సంగతులలో రెండింటిని మీరు జ్ఞాపకముంచుకొనుడి. 1980లో వచ్చిన "పొపాయ్" అను చిత్రము కొరకు అక్కడ ఒక చిన్న సముద్రపు పాయ ఒడ్డున కొయ్యతో ఒక ఊరిని కట్టిరి. వాడుకొన్నన్నాళ్లు వాడుకొని వదలివేయదగిన ఊరు అది. ఆ ఊరు నేటికిని నిలిచియున్నది. జనులు రుసుము చెల్లించి చూడబోవుచున్నారు. మాల్టాకు ప్రక్కనే గోజో అను చిన్న దీవి యున్నది. అక్కడ సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన రాతి తోరణమొకటి ఉండెను. అలలు యుగయుగములు తొలిచి చేసిన తోరణమది. ఎన్నో చిత్రములలో కనబడినది. 2017 మార్చి 8వ తేదీన తుఫాను కొట్టగా అది కూలి సముద్రములో కలిసిపోయెను. ఇప్పుడు చూడబోవువారికి నీరు మాత్రమే కనబడును.

కొయ్య ఊరు నిలిచినది, రాతి తోరణము కూలినది. కారణమేమి? కొయ్య ఊరిని చూచుకొనువారున్నారు. పలక ఊడినప్పుడు బిగింతురు, రంగు వెలిసినప్పుడు వేయుదురు. తోరణమును సముద్రము తినుచుండగా ఆపగలవాడు ఎవడును లేడు.

మాల్టా మీకు తెలియని చోటు కాదు. మన గ్రంథములో మెలితే అను పేరుతో చదివినది ఆ ద్వీపమునే. పౌలు ఎక్కిన ఓడ బద్దలైనది అక్కడనే. ఆ ఓడలో 276 మంది ఉండిరి. తెల్లవారినప్పుడు నేల కనబడినది గాని, అది ఏ నేలయో ఓడవారిలో ఒక్కరును ఎరుగరు. వారి కంటికి ఆనినది ఓడను తోలుటకు వీలుగా నున్న ఒక దరి మాత్రమే. ఈదువారు ఈదియు, తక్కినవారు పలకలు పట్టుకొనియు ఒడ్డు చేరిరి. ఒడ్డున కాలు మోపిన తరువాతనే ఆ ద్వీపము పేరు వారికి తెలిసినది. దూరమునుండి వచ్చువానికి కనబడునది తనకు పనికివచ్చు దరి. పేరు తెలిసినవాడు ఆ దరిమీద కాపురముండువాడు.

ఆ ఓడ ఏ పాయలో బద్దలైనదో కనుగొనుటకు జేమ్స్ స్మిత్ అను స్కాట్లండు దేశస్థుడు ఆ ద్వీపమునకు వెళ్లెను. అతడు పడవ నడుపుట ఎరిగినవాడు. తీరము అందమును చూచి అతడు తీర్పు చెప్పలేదు. గాలి ఏ మూలనుండి వీచును, ఓడ దినమునకు ఎంత దూరము కొట్టుకొనిపోవును, ఎక్కడ ఎన్ని బారల లోతున్నది, అడుగున మన్నా రాయా అని లెక్క చూచెను. 1848లో గ్రంథము ప్రచురించి, నేడు పరిశుద్ధ పౌలు అఖాతమని పిలువబడు చోటే అదియని వాదించెను. వేరు పాయలను చూపువారు ఇప్పటికిని ఉన్నారు. అయినను అతని పద్ధతి మంచిది. కంటికి నచ్చినదానిని విడిచి, మారని గుర్తులను పట్టుకొనవలెను. నేను ఈ పాఠమును పుస్తకములో చదివి మెచ్చుకొంటిని గాని, నా కొండ విషయములో ఒక్కనాడును దానిని ప్రయోగింపలేదు. ఆ పని మా తల్లి చేసెను.

ఇప్పుడు మా ఊరి సంగతి చెప్పవలెను. గోదావరి వరద మాకు క్రొత్త కాదు. భద్రాచలము వద్ద నీరు 43 అడుగులైనప్పుడు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగష్టులో అది 75.6 అడుగులు ఎక్కెను. అప్పుడు ఊరు అంతయు కొండమీద గుడారములలో గడిపి, నీరు తీసిన తరువాత బురద కడిగి మరల ఇండ్లలో ప్రవేశించినది. ఏటివారికి అది అలవాటు. వచ్చిన నీరు పోవును. నేల మరల మనకు వచ్చును.

అయితే దిగువన పోలవరము వద్ద ఆనకట్ట కట్టుచున్నారు. అది పూర్తియై 150 అడుగుల మట్టమునకు నీరు నిలిచినప్పుడు, ఆ నీరు వచ్చి పోవునది కాదు, వచ్చి నిలుచునది. దానివలన దిగువ పొలములు పండును, పట్టణములకు త్రాగునీరు చేరును. ఆ మేలును నేను కాదనను. మేలు ఒకచోట కలుగునప్పుడు దాని వెల మరియొకచోట చెల్లింపబడునని మాత్రము మనము మరువరాదు. 2022 జూలైలో భద్రాచలము వద్ద నీరు 71.3 అడుగులు ఎక్కెను. ఆ వరద తీసిన తరువాత మా తమ్ముడు ఇక తిరిగి ఇల్లు కడుగలేదు. ఇంటివారిని, మా తల్లిని తోడుకొని జంగారెడ్డిగూడెము వైపున నున్న పునరావాస కాలనీకి పోయెను. అక్కడ ఇండ్లు వరుసగా ఉన్నవి, దీపములున్నవి, రోడ్డున్నది. నది లేదు.

మా తండ్రి 1979లో మరణించెను. రేవుకు ఎగువన నున్న చింతచెట్టు క్రింద ఆయనను పాతిపెట్టితిమి. ప్రతి సంవత్సరము మా తల్లి ఆ సమాధికి సున్నము వేసెడిది. కాలనీకి వచ్చిన మొదటి సంవత్సరము ఆమె సున్నము డబ్బా కొని తెమ్మనెను. తమ్ముడు తెచ్చెను గాని, ఎక్కడికి తీసికొనిపోవలెనో అడుగుటకు అతనికి నోరు రాలేదు. ఆ డబ్బా చాలకాలము గుమ్మము ప్రక్కన ఉండెను.

క్రిస్మసు సెలవులలో నేను వారిని చూడబోయితిని. రాత్రి భోజనములైన తరువాత మా తమ్ముని కుమారుడు ఫోను తీసి, "నానమ్మా, నీకు గోదారి చూపిస్తా రా" అని ఆమె ప్రక్కన మంచముమీద కూర్చుండెను. పాత చిత్రములలోని పాటలు ఒకటి తరువాత ఒకటి పెట్టెను. ఆమె ఫోనును కంటికి దగ్గరగా పట్టుకొని, "అన్నీ నీళ్లే గదరా" అని నవ్వెను. అంతలో డేరాలో నేను చూచిన కొండ వచ్చెను. నేను ఉండబట్టలేక, "అమ్మా, అదిగో మన కొండ! చెప్పలా నీకు?" అంటిని.

"ఆపు బిడ్డా" అనెను ఆమె మనుమనితో. అతడు ఆపెను. ఆమె చాలసేపు చూచెను.

"పడవ ఎటు పోతున్నదిరా?" అని నన్నడిగెను.

"భద్రాచలం పోతున్నదమ్మా."

"అంటే ఎదురెక్కుతున్నది. ఎదురెక్కే పడవకు మన ఒడ్డు ఏ చేతికి రావాలె?"

పిల్లలకు ముప్పది సంవత్సరములు పటములు చూపించినవాడను నేను. ఆలోచించి, "ఎడమ చేతికి" అంటిని.

"నువ్వు చూపెడుతున్నది ఏ చేతిది?"

అది కుడిచేతి వైపున ఉండెను. నా మాట నిలుపుకొనవలెనని, "తీసేవాళ్లు అటు తిరిగి తీసుంటారమ్మా. వాళ్లకు కుడేంది, ఎడమేంది?" అంటిని.

"వాళ్లు తిరుగుతరు. పొద్దు తిరుగుద్దా?" అని ఆమె వ్రేలు ఆ కొండమీద ఉంచెను. "మాపటేళ మన కొండ నీడ గోదారిలో పడుద్ది. దీని మీద చూడు, నిండా ఎండ. ఇది అవతలి ఒడ్డు కొండ. దాని ముక్కు చూడరాదూ, మన కొండకు అట్ల ముక్కున్నదా?"

నేను చూచితిని. మా కొండకు అట్టి ముక్కు లేదు. యాబది సంవత్సరములు నా పిల్లలకు, నా శిష్యులకు, పెండ్లిలోను పందిరిలోను కనబడిన ప్రతివానికి మా కొండయని చెప్పినది మా కొండ కాదు. సగము చూపుగల ముసలితల్లి ఫోను అద్దముమీద వ్రేలు పెట్టి దానిని కొట్టివేసెను. నా తమ్ముని కుమారుడు నవ్వు ఆపుకొనుట నేను కంటి కొనతో చూచితిని.

అతడు పాటను మరల నడిపించెను. కొంతసేపటికి ఆమె మరల ఆపుమనెను. ఈసారి బొమ్మలో దూరమున రెండు కొండల నడుమ ఒక సందు కనబడుచుండెను. నాకు అందులో ఏ విశేషమును కనబడలేదు.

"ఇది. ఈ సందు. ఇది దాటితే మన వంపు" అనెను.

నా గుండె కొట్టుకొనెను. మా తమ్ముడును లేచి దగ్గరకు వచ్చెను. "నడుపరా" అంటిమి ఇద్దరము. పాట నడిచెను. తెరమీద ఒక ముఖము వచ్చెను, తరువాత పడవలోని జనము వచ్చిరి, మరల కొండలు వచ్చునప్పటికి అవి వేరు కొండలు. మా వంపు రాలేదు. రేవు లేదు, చింతచెట్టు లేదు. తీసినవారు సరిగా అక్కడనే కథను మరియొకచోటికి తిప్పివేసిరి. మేము మగవారము ముగ్గురము ఏమనుటకు తోచక కూర్చుంటిమి.

ఆమెకు మాత్రము విచారము కలుగలేదు. "బొమ్మ తీసేయి బిడ్డా" అనెను. "ఇక్కడి నుంచి నాకు దారి తెలుసు."

అటులని కన్నులు మూసికొని, ఆమె ఊరిలోనికి పోయెను. సందు దాటగానే పడవ కట్టు రాయి. దాని ప్రక్కన గొడ్ల రేవు, దానికి ఎగువన చాకిరేవు. ఏటేట చోటు మారు ఇసుక దిబ్బకు "దొంగ దిబ్బ" అని పేరు. వెదురు గడ వేసి దాని జాడ పట్టవలెను. తరువాత పుల్ల మామిడి. తరువాత వాగు. ఆ వాగుకు మేము ఒక పేరు చెప్పుదుము, కోయవారు తమ భాషలో వేరు పేరు చెప్పుదురు. ఆమె రెండును చెప్పెను. ఏ బండమీద 1986 వరద ఆగినదో, దాని తరువాతి వరదలు ఏ మెట్టున ఆగినవో చెప్పెను. ఆమె వరుస తప్పలేదు. నడచువాని కాలికి తగులు వరుసలోనే చెప్పుచు పోయెను. చింతచెట్టు వద్దకు వచ్చినప్పుడు, "ఇక్కడ మీ నాయన" అనెను. కొంచెము నిలిచెను. మరల నడచెను.

ఎప్పుడు తీసెనో నాకు తెలియదు, మా తమ్ముని కుమారుడు తన కళాశాల పుస్తకము వెనుక పుటలలో అవన్నియు వ్రాయుచుండెను. ఆమె ముగించునప్పటికి రాత్రి చాల ప్రొద్దుపోయెను. లెక్కింపగా 41 పేర్లు. వాటిలో నాకు తెలిసినవి 9 మాత్రమే. నేను ఆ ఊరిలో పుట్టి పెరిగినవాడను. ఆ ఊరు సినిమాలో వచ్చినదని యాబది ఏండ్లు చాటినవాడను.

పాఠకులారా, నేను సినిమాను నిందించుటకు ఈ మాటలు వ్రాయలేదు. ఆ బొమ్మయే లేనియెడల ఆ రాత్రి ఆమె ఆ సందువరకు వచ్చియుండెడిది కాదు. బొమ్మ ఆమెను అంతవరకు తెచ్చినది. అది దాని మేలు. అక్కడినుండి ముందుకు తీసికొనిపోవుటకు మాత్రము దానికి శక్తి లేదు. తెలిసినవారి నాలుకమీద నున్నంతవరకే ఆ దారి ఉండును.

మీ ఊరికి ఆనకట్ట నీరు రాకపోవచ్చును. అయితే రోడ్డు వెడల్పు చేయుటకు మీ రావిచెట్టు పోవచ్చును, చెరువు పూడి ఇండ్ల స్థలములు కావచ్చును, గని తవ్వుటకు గుట్ట పోవచ్చును. గోజో దీవిలోని తోరణమువలె ఎవరును కూల్చకుండనే కూలునవి కొన్ని గలవు. వాటిని నిలుపుట మన చేతిలో లేకపోవచ్చును. పేర్లను నిలుపుట మన చేతిలో ఉన్నది. ఆ కొయ్య ఊరి పలకలవలె అవి చూచుకొనువాడున్నంతకాలము నిలుచును.

కాబట్టి ఈ వారమే ఒక పని చేయుడి. ఇంటిలో ఎక్కువ వయస్సుగల వారి ప్రక్కన కూర్చుండుడి. అక్షరము వచ్చిన పిల్లవాని చేతికి పుస్తకమిచ్చి వ్రాయుమనుడి. ఊరి మొదటినుండి నడచినట్లు అడుగుడి: బావి పేరేమి, బండ పేరేమి, ఈ మడికి ఆ పేరు ఎందుకు వచ్చెను, ఏ సంవత్సరము నీరు ఎంతవరకు వచ్చెను. ఏటి ఊరైనచో నీరు పోవు వైపునకు ముఖము పెట్టి కుడి ఒడ్డు, ఎడమ ఒడ్డు అని వ్రాయుడి. లేనియెడల నావలె యాబది ఏండ్లు తప్పు ఒడ్డున నిలువబడుదురు. మీ పొరుగువారు వేరు భాషవారైనచో వారి పేరును కూడ వ్రాయుడి. వారు మీకంటె ముందు ఆ నేలను ఎరిగినవారు కావచ్చును. మీకు తెలిసినదని తలంచినదానిని కూడ మరల అడుగుడి.

మరునాడు ప్రొద్దున నేను బయలుదేరునప్పుడు మా తల్లి గుమ్మము ప్రక్కనున్న సున్నము డబ్బాను తీయించి, మనుమనిచేత మూత విప్పించెను. సున్నము కొంత గడ్డకట్టెను. నీళ్లు పోసి కలిపించి, తన యింటి ముందరి అరుగుకు వేయుమనెను.

"పేరు రాసినవు గద బిడ్డా" అని అతనితో అనెను. "పుస్తకం తడవనియ్యకు."